రూతమ్మ కుర్చీ, నా స్టూలు

1955 జూలై 11, సోమవారం, ఉదయం పదిన్నర. తాండూరులో స్టేషనుకు దగ్గరగా ఉన్న ఒక సర్కారు ఆడపిల్లల బడిలో, మూడవ తరగతి గదిలో నా ఉద్యోగం మొదలైంది. ఉద్యోగం అన్నాను గానీ అది నాది కాదు. రూతమ్మ అనే టీచరు సెలవులో ఉంది. ఆమె సెలవు ఉన్నన్నాళ్ళు ఆ తరగతికి నేను పాఠం చెప్పాలి. ఆమె తిరిగి వచ్చిన రోజు నేను మా ఊరు బొంరాస్‌పేటకు, మా నాయన గొర్రెల దగ్గరికి పోవాలి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు.

కొత్తగా బడుల్లో చేరే అమ్మాయిలు నన్ను జీతం గురించి అడుగుతారు, బదిలీ గురించి అడుగుతారు. సెలవు గురించి మాత్రం మంచాన పడేదాకా అడగరు. నా ముప్పై ఐదేళ్ళ పనిలో నేను సరిగ్గా నేర్చుకున్నది అదొక్కటే. దాన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. అందుకే రూతమ్మ గురించి రాస్తున్నాను.

స్టూలు

మా హెడ్‌మిస్ట్రెస్ జహీరున్నిసా బేగం. మేమంతా ఆపా అనేవాళ్ళం. నిజాం కాలంలో ఉద్యోగంలో చేరిన మనిషి. పోలీసు చర్య తర్వాత చాలామంది పాతవాళ్ళు వెళ్ళిపోయినా, ఆమె బడి తాళంచెవులు కొంగుకు కట్టుకుని అలాగే ఉండిపోయింది. నెలలను ఇంకా అజూర్, దై, బహ్మన్ అనే లెక్కపెట్టేది. నేను పక్కన ఇంగ్లీషు తారీఖు వేసుకునేదాన్ని.

మొదటి రోజు గదిలోకి పోయి కుర్చీ లాగబోయాను. ఆపా గుమ్మంలో నుంచే ఆపింది.

"అందుల కూసోకు బిడ్డా. అది రూతమ్మది."

"ఆమె లేదు గదా ఆపా."

"లేకనే చెప్తున్న. మనిషి ఉంటే నేనెందుకు చెప్త? రోజూ కూసుంటే నీదే అనుకుంటవ్. రేపు ఆమె వస్తె నీకే కష్టమైతది."

ఆయా బుగ్గమ్మ ఒక స్టూలు తెచ్చి వేసింది. సెలవు మీద పోయినవాళ్ళ కుర్చీలో బదులుకు వచ్చినవాళ్ళు కూర్చోకూడదన్నది ఆపా పెట్టిన కట్టుబాటు. ఏ రూలు పుస్తకంలోనూ అది లేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడైతే, సెలవు అంటే ఏమిటో దానికంటే బాగా ఎవరూ నాకు చెప్పలేదంటాను. మనిషి ఎక్కడున్నా చోటు ఆమెదే. మనం దాని పక్కన కూర్చుని పని చేస్తాం, అంతే.

ఆ కుర్చీ వెనక కాలు ఒకటి పొట్టిది. గాలి తగిలినా తరగతి పొడుగునా టక్ టక్ మనేది. రెండో వారంలో నేను బయటి నుంచి ఒక నాపరాయి చిప్ప తెచ్చి ఆ కాలి కింద పెట్టాను.

గుట్ట మీద ఆదివారాలు

రూతమ్మ తల్లికి జబ్బుగా ఉందని, దోమ అనే ఊళ్ళో ఆమె దగ్గర ఉందని తాండూరులో చెప్పుకునేవారు. నిజం ఆపాకు తెలుసు, తర్వాత నాకు తెలిసింది. రూతమ్మ వికారాబాదు గుట్ట మీద క్షయ ఆసుపత్రిలో ఉంది. ఆ రోజుల్లో క్షయ అన్న మాట పైకి అంటే ఆ ఇంటి నీళ్ళు కూడా ఎవరూ ముట్టేవారు కాదు.

తీసివేత లెక్కలు ఆమె ఎక్కడిదాకా చెప్పిందో తెలియక నేను తిప్పలు పడుతున్నాను. అడిగితే పిల్లలు తలా ఒక మాట చెబుతారు. చివరికి ఆపానే అడిగాను. ఆమె తలుపు దగ్గరికి వేసి, "ఆమెనే అడుగు. ఎవరికీ చెప్పకు" అని ఆసుపత్రి పేరు చెప్పింది. ఆగస్టులో ఒక ఆదివారం రైలెక్కాను. తాండూరు నుంచి వికారాబాదుకు ప్యాసింజరులో గంటకు పైగా పడుతుంది. అక్కడి నుంచి గుట్ట పైకి నడక.

పొడవాటి వరండాలో వరుసగా మంచాలు. మూడో మంచం మీద సన్నటి మనిషి దిండుకు ఆనుకుని ఉంది. వయసు ముప్పై దాటి ఉండదు. నేను ఎవరో చెప్పేలోపే ఆమే అడిగింది.

"నా కుర్చీల కూసున్న పిల్లవు నువ్వేనా?"

"కూసోలేదక్కా. ఆపా స్టూలిచ్చింది."

"ఆ కుర్చీ ఊగుతది. కాలు కింద రాయి పెట్టిన. ఉన్నదా, పిల్లలు తన్నేసిన్రా?"

"పొయ్యింది. నేను ఇంకోటి పెట్టిన."

"కూసోని కుర్చీకి రాయెందుకే?"

"ఊగుతుంటే చెవులకు బాగలేదు."

ఆమె నవ్వింది. దగ్గు వచ్చింది. మంచం కింద నుంచి మూత ఉన్న చిన్న రేకు డబ్బా తీసి, మొహం పక్కకు తిప్పి అందులో ఉమ్మి, మూత పెట్టి మళ్ళీ నవ్వింది. గుట్ట మీద రోగులందరికీ అలాంటి డబ్బా ఒకటి ఉండేది. అందులో తప్ప బయట ఎక్కడా ఉమ్మకూడదు. డాక్టర్లు వాళ్ళకు నేర్పిన మొదటి పని అదే.

తీసివేత గురించి అడిగితే రాళ్ళతో చెప్పమంది. "తాండూరుల పుట్టిన పిల్లలకు రాళ్ళు దొరకవా? పది రాళ్ళు చేతుల పెట్టు. మూడు తీసుకపో. ఏడ్సే పిల్లకు తీసివేత అర్థమైనట్టు."

అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి, మొత్తం ముప్పై ఒక్కసారి ఆ గుట్ట ఎక్కాను. ఆమె వాళ్ళ ఇంటి సంగతులు చెప్పేది. వాళ్ళ నాయన కొడంగల్ దగ్గర ఒకరి పొలంలో జీతం ఉండేవాడు. వాళ్ళ వంశంలో నెల జీతం చూసినది ఈమె ఒక్కతే. మిషను బడిలో చదివి, ఇరవై ఒకటో ఏట పంతులమ్మ అయింది. "గా కుర్చీ పోతె నేను మళ్ళ కలుపుకు పోవాలె, మల్లీ. ఈ రొమ్ముతోని కలుపు తియ్యొస్తదా?" అని ఒకసారి అంది. నవ్వుతూనే అంది.

నా పేరు మల్లమ్మ. మల్లీ అని పిలిచింది ఆమె ఒక్కతే. ఆమెకు నయం కావాలని నేను నిజంగా కోరుకున్నాను. బడి వదిలి పోకూడదనీ అంతే నిజంగా కోరుకున్నాను. ఈ రెండూ ఒకచోట పొసగవని మా ఇద్దరికీ తెలుసు. వరండాలో కూర్చుని జామకాయలు తింటూ దాన్ని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆపా లెక్క

1956 జూన్‌లో ఆపా నన్ను గదిలోకి పిలిచింది.

"వచ్చే నెలకు రూతమ్మ పొయ్యి సాలు నిండుతది. సాలు దాటితే పోస్టు పోతది. ఒక్కరోజు వచ్చి డ్యూటీల చేరాలె. మళ్ళ తెల్లారి సెలవు పెట్టుకోవచ్చు. లెక్క కొత్తగా మొదలైతది."

"ఆమె ఇంకా మంచం మీదనే ఉన్నది ఆపా."

"తెల్వదా నాకు? జర డాక్టర్‌ను అడగమను. ఒక్కదినమే."

ఇలా ఏడాది నిండకముందే మధ్యలో ఒక్కరోజు చేరడం మా ఆఫీసుల్లో పాత అలవాటు. అందరూ చేసేవారు. రూలు ఎక్కడుందని ఎవరూ అడిగేవారు కాదు. ఆపాకు మాత్రం ఆ భయం వేరేచోటి నుంచి వచ్చింది. చిన్న వయసులో కాన్పుకు పుట్టింటికి పోయి రెండు నెలలు ఆలస్యంగా తిరిగొచ్చింది. అప్పటికి ఆమె జాగాలో వేరే మనిషి ఉంది. మళ్ళీ ఉద్యోగం దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ కాన్పులో పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ఈ సంగతి బుగ్గమ్మ చెప్పింది. అందుకని ఆపాను నేను తప్పు పట్టలేను. రూతమ్మ మీద ప్రేమతోనే పిలిపించింది.

ఇంకో సంగతి. రూతమ్మ చేరిన రోజు ఆ పోస్టు ఖాళీ కాదు కనుక, ఆ రోజు నేను ఉద్యోగంలో ఉండకూడదు. నన్ను జూలై 8 సాయంత్రం తీసేసి, 10 ఉదయం మళ్ళీ కొత్తగా పెట్టుకోవాలి. అలా తెగితే అంతకు ముందు చేసిన పని నా సర్వీసులో లెక్కకు రాదు.

జూలై 9

సోమవారం. సన్నగా వాన. కఫంలో క్రిమి లేదని రెండుసార్లు తేలిన తర్వాతే డాక్టరు ఒక్కరోజుకు పంపాడు. రూతమ్మ పొద్దుటి రైలు దిగి, గొడుగు వేసుకుని, దారిలో రెండుచోట్ల ఆగి, పదిన్నరకు బడికి చేరింది. సంతకం పెట్టింది. ఆపా ఆమె చేయి పట్టుకుని తరగతి దాకా తీసుకుపోయింది. నేను బయట నిలబడితే ఆపా నా వైపు చూసి, "ఇయ్యాల నువ్వు నౌకరీల లేవు. పొయ్యి పిల్లలతోని కూసో" అంది.

నలభై ఒక్కమందిలో ముప్పై ఎనిమిది మంది వచ్చారు. నేను చివరి వరుసలో బండల మీద కూర్చున్నాను. రూతమ్మ కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఊగలేదు. ఆమె వంగి కాలి కింద రాయి చూసింది. తర్వాత తల ఎత్తి,

"ఎనక కూసున్న కొత్త పోరి ఎవరే? పలక తెచ్చుకున్నవా?" అంది.

పిల్లలు పకపకా నవ్వారు. "అది మల్లమ్మ పంతులమ్మ" అని ఎవరో అన్నారు.

"పంతులమ్మనా? మరి ఎక్కాలు వచ్చా? లేచి పదమూడో ఎక్కం చెప్పు."

నేను లేచి చెప్పాను. పదమూడు ఎనిమిదుల దగ్గర కావాలని తప్పు చెప్పాను. పిల్లలందరూ ఒక్కసారి అరిచి దిద్దారు. నేను చెప్పిన ఎక్కాలు ఆ పిల్లలకు వచ్చాయో లేదో ఆ రోజు రూతమ్మ అలా చూసుకుంది. ఆమె పాఠం చెబుతుంటే వినడం నాకు అదే మొదటిసారి. గొంతు పెంచదు. ఒక పిల్లను పిలిచి చేతిలో రాళ్ళు పెట్టి, తీసుకుని, ఆ పిల్ల మొహం చూస్తూ ఆగుతుంది. అలా ఆగి ఉండడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత నేను చెప్పిన పాఠాలన్నీ ఆ రెండున్నర గంటల నుంచి వచ్చినవే.

ఒంటిగంటకు అన్నం బెల్లు కొట్టారు. రూతమ్మకు దగ్గు వచ్చింది. నలుగురిలో ఉన్నా గుట్ట మీద నేర్చిన అలవాటు తప్పలేదు. సంచిలో నుంచి మూత డబ్బా తీసి, కిటికీ వైపు తిరిగింది. అదే సమయానికి ఒక పిల్ల తల్లి సద్ది ఇవ్వడానికి గుమ్మంలోకి వచ్చింది. ఆమె తమ్ముడు అంతకు మూడేళ్ళ ముందు గుట్ట మీదనే పోయాడు. ఆ డబ్బా ఏమిటో ఆమెకు చెప్పనక్కరలేదు. కూతురి చేయి పట్టుకుని, పలక తీసుకుని వెళ్ళిపోయింది.

అన్నానికి ఇంటికి పోయిన పిల్లల్లో రెండు గంటలకు తొమ్మిదిమందే తిరిగి వచ్చారు. మూడు గంటలకల్లా వాకిట్లోకి ఒక్కొక్క తల్లి వచ్చి పేరు పెట్టి పిలిచింది. నలుగురు మిగిలారు. బుగ్గమ్మ కుండలో నీళ్ళు వాకిట్లో పారబోసి కుండను బోర్లించింది. కిటికీలో నుంచి రూతమ్మ అది చూసింది. ఆపా పరుగున వచ్చి, "ఇగ చాలు బిడ్డా, పా" అంది.

"నాలుగున్నర దాకా డ్యూటీ ఆపా. సంతకం పెట్టిన గద" అని, రూతమ్మ పిల్లల వైపు తిరిగింది.

"చెప్పుండ్రి. పొద్దుగాల ముప్పై ఎనిమిది. ఇప్పుడు నాలుగు. ఎంతమంది పొయ్యిన్రు?"

నలుగురూ వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. ఒక పిల్ల ముందుగా చెప్పింది. "ముప్పై నాలుగు."

"షాబాష్. తీసివేత వచ్చింది నీకు."

సాయంత్రం రైలు దాకా నేను ఆమె వెంట పోయాను. ఫ్లాట్‌ఫారం మీద ఆమె సంచి నా చేతిలో పెట్టి, పెట్టె ఎక్కి, మళ్ళీ సంచి తీసుకుంది. "నౌకరీ బతికింది, మల్లీ" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు.

అటా, ఇటా

ఆ ఏడాది నవంబరు ఒకటిన రాష్ట్రాలు మారాయి. అప్పటిదాకా తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉండేది. జిల్లా కన్నడవైపు పోయింది, మా తాలూకా తెలుగువైపు వచ్చింది. పనిలో ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే అన్నారు. సెలవులో ఉన్నవాళ్ళను మాత్రం అటా, ఇటా అని అడిగారు. ఆపా ఆ మాట చెప్పి రమ్మని నన్నే అక్టోబరు ఆఖరు ఆదివారం గుట్టకు పంపింది.

"మీ ఆపా ఏమన్నది?"

"తాండూరే అడగమన్నది. నీ కుర్చీ నీకే ఉన్నదన్నది."

"నువ్వేమంటవ్?"

"నేను బొంరాస్‌పేటకు పోత. నా ఫికర్ జెయ్యకు. నువ్వు రా."

"కుర్చీ ఉన్నది. దాని ముంగట కూసునే పిల్లలేరి? నేను పోతె నలుగురొస్తరు. నువ్వుంటె నలభై మంది. ఇది నీ కోసం అనుకోకు, నీకంత పొగరు వద్దు. మా అమ్మది సేడం దిక్కు. నాకు కన్నడం వస్తది. అక్కడ నన్నెవరూ ఎరుగరు. ఉత్త పంతులమ్మ లెక్క ఉంట."

"సేడం కూడా రైలు మీదనే. గంట తొవ్వ. ఆదివారం నేనే వస్త."

"రాకు."

"ఎందుకు?"

"తాండూరు పంతులమ్మ నీకెట్ల ఎరుకని అడుగుతరు. ఏం జెప్తవ్? నీకు అబద్ధం చెప్పరాదు. మొహంల తెలుస్తది. తాండూరు మాట ఒక్కటి ఆడికి చేరినా నేను మళ్ళ ఒక గొడుగు, ఒక డబ్బా పట్టుకుని దిగినట్టే. రాకు, మల్లీ."

1957 జనవరి 16న ఆమె అక్కడ చేరింది. ఆ రోజే ఆపా నన్ను కుర్చీలో కూర్చోమంది. ఇక అది నీదే అంది. నేను మార్చి దాకా స్టూలు మీదనే కూర్చున్నాను.

సత్తెమ్మ

1961 జూన్‌లో నన్ను వికారాబాదులో ఒక బడికి పంపారు. అక్కడ టీచర్ల సెలవు కాగితాలు చూసే పని నా మీద పడింది. పడ్డాక మొదటిసారి రూలు మొత్తం చదివాను. క్షయకు గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఉండి, డాక్టరు సర్టిఫికెట్టు పంపుతూ ఉంటే, పర్మనెంటు మనిషికి ఏడాది దాటినా పోస్టు పోదు. మధ్యలో వచ్చి చేరనక్కరలేదు. రూతమ్మ ఆ రోజు గుట్ట దిగవలసిన పనే లేదు.

ఆపా అప్పటికి రిటైరై హైదరాబాదులో ఉంది. ఒకసారి చూడబోయాను. రూతమ్మ ఎట్లున్నదని ముందు అదే అడిగింది. రూలు సంగతి ఆమెకు చెప్పలేదు.

1964లో మా బడిలో సత్తెమ్మ అనే అమ్మాయి ఇరవై రోజుల బాలింత. చెవులకు గుడ్డ కట్టుకుని, బిడ్డను ఎత్తుకుని వచ్చింది. "ఒక్కరోజు చేరి మళ్ళ పోత మేడం. లేకుంటె నౌకరీ పోతదని మా ఆడిబిడ్డ అన్నది" అంది.

"మీ ఆడిబిడ్డ ఏ ఆఫీసుల పని చేస్తది?"

"కూరగాయలమ్ముతది."

"అయితే కూరగాయల సంగతి ఆమెను అడుగు. సెలవు సంగతి నన్నడుగు. నీకింకా దినాలున్నయి. ఇంటికి పో."

ఆ పిల్ల నమ్మలేదు. సంతకం పెట్టి పోతానని గుమ్మంలో నిలబడింది. నేను రిజిస్టరు మూసి, టాంగా పిలిపించి ఎక్కించాను. పరుషంగానే మాట్లాడాను. కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇదే. సెలవు మీరు అడుక్కునేది కాదు. అది మీ పనిలో భాగమే. దాన్ని గురించి పక్కవాళ్ళు చెప్పింది వినకండి, పెద్దవాళ్ళు ప్రేమతో చెప్పినా వినకండి. రూలు అడగండి, చదవండి. ఇంకొకటి కూడా తెలుసుకోండి. సెలవు మీ ఉద్యోగాన్ని కాపాడుతుంది. మీరు తిరిగొచ్చేసరికి ఊరు మిమ్మల్ని ఎట్లా చూస్తుందో దాన్ని ఏ రూలూ కాపాడదు.

1966లో వికారాబాదు స్టేషనులో హైదరాబాదు పోయే రైలు ఆగి ఉంది. ఒక పెట్టె నిండా కన్నడం మాట్లాడే బడిపిల్లలు. కిటికీ దగ్గర రూతమ్మ. ఒళ్ళు చేసింది. జుట్టు నెరిసింది. నన్ను చూసి చేయి బయటికి పెట్టింది. పక్కనున్న టీచరు ఎవరని కన్నడంలో అడిగింది. రూతమ్మ చెప్పింది నాకు అర్థమైంది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే తరగతిలో కూర్చున్నాం, ఈ పిల్లకు పదమూడో ఎక్కం రాదు అని చెప్పింది. తర్వాత తెలుగులో అడిగింది.

"కుర్చీ?"

"నేను ఆడ ఉన్నన్నాళ్ళు ఊగలేదు" అన్నాను.

రైలు కదిలింది. తర్వాత ఆమెను చూడలేదు.

పోయినవి

నా సర్వీసులో లెక్కకు రాకుండా పోయినవి, 1955 జూలై 11 నుంచి 1956 జూలై 8 దాకా, 364 రోజులు.

రూతమ్మకు పోయినది ఒక ఊరు.

జూలై 9న బడి నుంచి పోయిన పిల్లలు ముప్పై నలుగురు. తర్వాతి వారంలో ముప్పై ముగ్గురు తిరిగి వచ్చారు. గుమ్మంలో డబ్బా చూసిన తల్లి తన బిడ్డను మళ్ళీ పంపలేదు.

నేను తాండూరులో ఉండి, సేడంకు గంట ప్రయాణం చేయకుండా గడిపిన ఆదివారాలు, 1957 జనవరి 20 నుంచి 1961 మే ఆఖరు దాకా, 228.

ఉద్యోగాలు రెండు. రెండూ పోలేదు.